బరువు లెత్తువారి పాదరక్షలు

మన రైతు తన యెద్దు కాళ్లను గూర్చి చూపు శ్రద్ధ తన కాళ్లను గూర్చి చూపడు. కంకరబాటపై బండి తోలవలసి వచ్చినచో ఎద్దును పడవేయించి, డెక్కలు చెక్కించి, లాడములు కొట్టించిన పిమ్మటనే కాడి కట్టును. డెక్క యరిగిన యెద్దు ఎంత బలము గలదైనను బరువు లాగజాలదని అతనికి తెలియును. ఆ రైతే ఉంగటము తెగి పిన్నీసు గ్రుచ్చిన రబ్బరు చెప్పులతో 75 కిలోల వడ్లబస్తాను వీపున కెత్తుకొని సిమెంటు మెట్లెక్కును.

పొదిలి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో బరువు మోయని సంసారము లేదు. పొదిలి వేలము కేంద్రమునకు పొగాకు బేళ్లు వచ్చును. మార్కాపురపు పలకల గనులలో రాతిపలకల నెత్తి పేర్చెదరు. కంది, శనగ, మిరప కళ్లములనుండి బస్తాలు బండ్ల కెక్కును. సంఘపు గిడ్డంగినుండి ఎరువు మూటలు చేలకు చేరును. యూరియా మూట 2018 నుండి 45 కిలోలకు తగ్గినది, డి.ఏ.పి. మూటయు, సిమెంటు మూటయు 50 కిలోలు. పొగాకు బేళ్లలో నూఱు కిలోలు దాటునవియు కలవు.

ఇంతటి బరువు మోయుటకు బలము కావలెనని అందఱు నెఱుగుదురు. ఆ బలమును నేలకు చేర్చునది పాదమనియు, పాదమునకును నేలకును నడుమ నుండు అట్ట యెట్టిదో చూచుకొనవలెననియు తలచువారు తక్కువ. కనుక ఈ నెల మా సభ్యులకు ఈ విషయమును గూర్చి కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

కాలిపై పడు బరువు

60 కిలోల మనిషి 75 కిలోల బస్తా నెత్తుకొనినచో మొత్తము 135 కిలోలగును. నిలిచియున్నంతసేపు ఆ బరువును రెండు పాదములు పంచుకొనును. నడచునపుడు ఒక కాలు గాలిలో నుండును గనుక అడుగడుగునకు 135 కిలోలును ఒక్క పాదముపైననే పడును. దిగుడుమెట్టుపై కాలు మోపునపుడు ఊపుచేత అంతకు మించియు పడును.

దూదిపరుపుపై నిలువబడి బస్తా నెత్తుమన్న నెవ్వరును ఎత్తరు. కాలు నిలువదని తెలియును గనుక. మెత్తని స్పాంజి చెప్పు అట్టి పరుపే. మందము మాత్రము తక్కువ. వట్టికాలితో నడచునపుడు సుఖముగా నుండు ఆ మెత్తదనమే బరువు మీదపడగానే ఒకవైపు నణగి పాదమును వాల్చును. మనవారి చెప్పులు సామాన్యముగా మడమ వెలుపలి యంచున ముందుగా అరుగును. అరిగిన చెప్పుతో బరువెత్తినచో చీలమండ వెలుపలికి మడతపడును. చీలమండ వాలిన మోకాలు తప్పును. మోకాలు తప్పిన నడుము మెలిపడును. నడుము పట్టినదని మంచమెక్కినవాడు బస్తాను నిందించునే కాని చెప్పును తలచడు.

ఇంకొక చిక్కు కలదు. ఉంగటము మాత్రమే గల చెప్పునకు మడమవైపు పట్టు లేదు. అది జాఱిపోకుండ వ్రేళ్లతో బిగబట్టవలెను. అనగా పాదము రెండు పనులు చేయవలసి వచ్చును: బరువును నిలుపుట యొకటి, చెప్పును నిలుపుకొనుట యొకటి. లారీకి వేసిన పలకపై నెక్కునపుడు ఈ రెండవ పనియే ప్రాణాంతకము కావచ్చును.

పోటీలవారు నేర్పు పాఠము

బరువు లెత్తుటయే విద్యగా నభ్యసించినవారు పాదరక్షలను గూర్చి ఏమి చేయుదురో తెలిసికొనుట మంచిది. ఈ విద్యలో మన తెలుగుదేశమునకు గొప్ప పేరు కలదు. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ ఒలింపిక్కు పోటీలలో 69 కిలోల తరగతియందు ఒక యెత్తులో 110, రెండవ యెత్తులో 130, వెరసి 240 కిలోల నెత్తి కంచుపతకము గెలిచినది. ఒలింపిక్కు పతకము పొందిన మొదటి భారతస్త్రీ ఆమెయే.

ఇట్టి పోటీలలో ఎవ్వరును వట్టికాళ్లతో పాల్గొనరాదు; పాదములకు రక్షయు, నిలుకడయు కలుగుటకై పాదరక్షలు ధరించుట నియమము. వారు తొడుగు బూటు పరుగుపందెపు బూటు వంటిది కాదు. పరుగు బూటు అదరును మ్రింగివేయుటకు మెత్తగా చేయబడును. బరువెత్తు బూటు అణగకుండుటకు గట్టిగా చేయబడును. పూర్వము దాని మడమను తోలు పొరలతోను, కొయ్యతోను చేసెడివారు. ఇప్పుడు గట్టి ప్లాస్టిక్కు వంటి పదార్థములతో చేయుచున్నారు. మడమ సుమారు 2 సెంటీమీటర్ల యెత్తుండును. పాదము లోపల కదలకుండ తాళ్లును, అడ్డుపట్టీయు నుండును.

నేలనుండి బరువును నడుమువఱకు మాత్రమే యెత్తు పోటీలు వేఱుగా నున్నవి. వానిలో పలువురు మడమ యెత్తులేని పలుచని అట్టగల బూట్లే వాడుదురు. పాదము నేలకెంత దగ్గఱనుండిన అంత మంచిదని వారి యభిప్రాయము. మన గ్రామములలో పండుగనాడు గుండు నెత్తు పడుచువాండ్రు వట్టికాళ్లతో మట్టినేలపై నిలుచుటలోను ఈ కీలకమే యున్నది.

ఈ రెండు తెగలవారును మడమ యెత్తు విషయమున భేదించినను మూడు విషయములలో నేకీభవింతురు. అట్ట అణగరాదు. అట్ట జాఱరాదు. పాదము లోపల కదలరాదు. మన రైతులును, హమాలీలును గుఱుతుంచుకొనవలసినవి ఈ మూడే.

మడమ యెంత యెత్తుండవలెను

పోటీలవాడు నిలిచినచోటనే యెత్తి నిలిచినచోటనే దింపును. మనవాడు ఎత్తినపిదప ఏబది యడుగులు నడచి, మెట్లెక్కి, పలకపై నడువవలెను. కావున పోటీ బూటును మక్కికి మక్కిగా అనుకరించుట తగదు.

ఎత్తు మడమ వలన లాభమేమన, చీలమండ బిగిసినవారు మోకాళ్లు బాగుగా వంచి కూర్చుండుటకు అది తోడ్పడును. మీకది కావలెనో లేదో తెలిసికొనుటకు సులభోపాయము కలదు. పాదములను భుజముల యెడముగా నుంచి గొంతుక్కూర్చుండి చూడుడు. మడమలు నేలనంటియే యున్నచో మీకు ఎత్తు మడమతో పనిలేదు. చిన్ననాటినుండి గొంతుక్కూర్చుండు నలవాటు గల మన రైతులలో పెక్కుమందికి ఈ శక్తి సహజముగానే యున్నది. మడమలు పైకి లేచినచో ఒక సెంటీమీటరు యెత్తుగల గట్టి మడమ మేలు చేయును. అంతకు మించిన యెత్తు నడకకు అడ్డు.

మన చెప్పుల మంచిచెడ్డలు

హవాయి చెప్పులు: చవుక, తేలిక, నీటికి చెడవు. ఇంటి వాకిట తిరుగుటకు మంచివే. బరువెత్తుటకు మాత్రము పనికిరావు. అట్ట అణగును, తడినేలపై జాఱును, మడమకు పట్టుండదు, వ్రేళ్లకు రక్షలేదు.

తోలు చెప్పులు: మన గ్రామములలో కుట్టెడి కిఱ్ఱుచెప్పుల అట్ట గట్టిది, బరువునకు అణగదు. కాని నున్నని సిమెంటు నేలపై జాఱును, తడిసిన మెత్తబడును. అట్ట క్రింద గరుకు రబ్బరు ముక్క వేయించి, మడమచుట్టు పట్టీ కుట్టించినచో ఇదియే బరువునకు తగిన చెప్పగును. ఈ పని కెవ్వరో దూరమునుండి రానక్కఱలేదు. ఊరిలో చెప్పులు కుట్టువారు చేయగలరు. తడిసిన తోలును ఎండలో గాక నీడలో నారబెట్టి ఆముదము రాయవలెను. మేకులు లోనికి పొడుచుకొని రాకుండ చూచుకొనవలెను.

టైరు చెప్పులు: టైరు రబ్బరులో దారపు పొరలుండుటచేత ముల్లు దిగదు, అట్ట అణగదు. పల్లేరు, తుమ్మముండ్లు గల మన చేలకు మిక్కిలి తగినవి. అయితే టైరు గుండ్రనిది గనుక ఆ ముక్కకు వంపుండవచ్చును. బల్లపై పెట్టిన ఉయ్యాలవలె ఊగు చెప్పును కొనరాదు. దీనికిని మడమ పట్టీ యవసరము.

కాన్వాసు బూట్లు: పలుచని సమమైన రబ్బరు అట్టయు, తాళ్లును గల సాదా కాన్వాసు బూట్లు బరువెత్తుటకు బాగుగా నుండును, వెలయు తక్కువ. వ్రేళ్లపై బరువు పడినపుడు మాత్రము ఇవి కాపాడజాలవు.

పరుగు బూట్లు: చూచుటకు బలముగా కన్పించును. కాని వాని మందపు మడమ మెత్తనిది. వెల హెచ్చుగా నున్నంతమాత్రమున బరువునకు తగినదని తలపరాదు.

గమ్ బూట్లు: బురదకును, పురుగు పుట్రకును మంచివి. లోపల పాదము వదులుగా కదలును గనుక బస్తాల మోతకు తగవు.

ఇనుపముక్కు బూట్లు: రాతిపలకలు, గ్రానైటు బండలు, పెద్ద బేళ్లు కదలించువారికి ఇవియే తగినవి. భారత ప్రమాణము 15298 రెండవ భాగము ననుసరించి చేసిన బూటుముక్కు 200 జౌల్ల దెబ్బను తట్టుకొనవలెను. అనగా సుమారు 20 కిలోల బరువు ఒక మీటరు యెత్తునుండి పడిన దెబ్బ. కొనునపుడు ఐ.ఎస్.ఐ. గుఱుతును, ఈ సంఖ్యను చూచుకొనవలెను. ముక్కు గట్టిగా నున్నట్లు కన్పించు బూట్లన్నియు ఈ పరీక్షకు నిలిచినవి కావు.

ఇక వట్టికాళ్ల మాట. మట్టినేలపై పట్టు బాగుగా నుండునన్నది నిజమే. కాని ముల్లు, మేకు, గాజుపెంకు, ధనుర్వాతము, పాము, తేలు, వేసవియెండకు కాలిన సిమెంటు నేల, ఇన్నింటికి పాదమును అప్పగించుట వివేకము కాదు. మధుమేహముగల వారికి పాదములలో స్పర్శ తగ్గియుండవచ్చును. దెబ్బ తగిలినను తెలియదు, పుండు ముదిరిన కాలికే ముప్పు. అట్టివారు ఒక్క యడుగైనను వట్టికాలితో వేయరాదు. ప్రతిరాత్రియు అరికాళ్లు చూచుకొనవలెను.

కొనునపుడు చేయదగిన పరీక్షలు

దుకాణమున రంగును, మెఱుగును చూచి మోసపోకుండుటకు ఈ క్రింది పరీక్షలు చాలును. వీనికి ఖర్చులేదు.

మొదటిది: మడమ యుండుచోట బొటనవ్రేలితో గట్టిగా నొక్కవలెను. వ్రేలు లోనికి దిగినచో బరువునకు పనికిరాదు.

రెండవది: బల్లపై నుంచి నాలుగువైపుల తట్టవలెను. ఊగరాదు.

మూడవది: ముక్కును ఒకచేత, మడమను ఒకచేత పట్టి తడిబట్ట పిండినట్లు మెలిపెట్టవలెను. సులభముగా మెలితిరుగునది బరువుక్రింద పాదమును నిలుపజాలదు. బూటు వ్రేళ్ల మొదటి కణుపులచోట వంగవలెను గాని నడుమ వంగరాదు.

నాలుగవది: ఒక కాగితముపై నిలిచి పాదము చుట్టు గీత గీయించి, ఆ కాగితమును అట్టపై నుంచి చూడవలెను. గీత అట్టను దాటి వెలుపలికి వచ్చినచో అది మీ పాదమునకు ఇఱుకు. వట్టికాళ్లతో పెరిగిన మన పాదములు ముందువైపు వెడల్పుగా నుండును; అంకె సరిపోయినంతమాత్రమున వెడల్పు సరిపోదు.

ఐదవది: సాయంకాలమున కొనవలెను, దినమెల్ల తిరిగిన పాదము కొంత ఉబ్బియుండును. రెండు కాళ్లకును తొడిగి, నిలిచి, గొంతుక్కూర్చుండి, నడచి చూడవలెను. పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. మడమ మాత్రము పైకి లేవరాదు.

కొన్నపిదప ప్రతి ఉదయమును తొడుగుటకు ముందు బూటును తలక్రిందుగా దులపవలెను; తేళ్లు చల్లని చీకటిచోట్ల చేరును. మడమ ఒకవైపు అరిగిన వెంటనే అట్ట మార్పించవలెను.

చెప్పు చేయజాలని పని

మంచి పాదరక్ష బరువును తగ్గించదు. కాలు నిలుకడగా నున్నదను ధైర్యముతో ఎత్తరాని బరువు నెత్తిన కీడే కలుగును. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారము ఒక పురుషుడు చేతులతో మోయుబరువు 55 కిలోలకు మించియున్న, దానిని సాధ్యమైనంత త్వరగా తగ్గించవలెను. అమెరికా దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రము అన్ని సౌకర్యములు కుదిరిననాడును 23 కిలోలను మించవలదని చెప్పుచున్నది. మన 75 కిలోల బస్తా ఈ రెండింటిని దాటినది. కనుక దాని నొక్కడే నేలనుండి ఎత్తరాదు. ఇద్దఱు పట్టి ఎత్తవలెను. లేదా బస్తాను అరుగుపైననో, బండిపైననో నుంచి వీపునకు దింపుకొనవలెను.

ఎత్తునపుడు పాదముల నెడముగా నుంచి, ఒకటి కొంచెము ముందునకు పెట్టి, నడుము గాక మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గఱగా తెచ్చుకొని లేవవలెను. ప్రక్కకు తిరుగవలసి వచ్చినచో నడుమును మెలిపెట్టక పాదములనే త్రిప్పవలెను. నేల నున్నగా నుండి అట్ట జాఱునదైనచో ఈ పద్ధతి యేదియు సాగదు. పాదరక్షకు ప్రాధాన్యము వచ్చిన దిందుచేతనే.

మన ప్రాంతమువారు ప్రత్యేకముగా తలపవలసిన దొకటి కలదు. ఇచ్చటి బోరునీటిలో పెక్కుచోట్ల ఫ్లోరైడు హెచ్చు. త్రాగునీటిలో లీటరుకు ఒక మిల్లిగ్రామును మించరాదని, వేఱు నీరు దొరకనిచో ఒకటిన్నర వఱకు సహింపవచ్చునని భారత ప్రమాణము. ఈ నీటివలన కీళ్లు, వెన్నెముక బిగిసిపోవు జబ్బును మన దేశమున మొదట వెల్లడించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాయందే. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడువఱకు మన పొదిలి తాలూకాయు నెల్లూరు జిల్లాలోనిదే. వైద్యులు మనుష్యులలో గుర్తించుటకు ముందే రైతులు తమ యెద్దులు కీళ్లు బిగిసి నడువలేకపోవుటను గమనించియుండిరి. ఎద్దు కాలిని చూచి తెలిసికొనిన రైతు తన కాలిని చూచికొనుట ఆలస్యమైనది. మోకాళ్లు వంగనివారు, మెడ తిరుగనివారు, నడుము బిగిసినవారు ఎట్టి బూటు తొడిగినను బస్తాల నెత్తరాదు. ఎత్తు మడమ వారికి మందు కాదు. వారు వైద్యునికి చూపించుకొని, త్రాగునీటిని మార్చుకొనవలెను.

సంఘము చేయదగిన పని

బస్తా మనది, దానిని మోయు వీపు తఱచుగా మనది కాదు. హమాలీకి, వ్యవసాయపు కూలీకి తన శరీరమే భూమి, తన కాళ్లే కాడియెడ్లు. చీలమండ విఱిగి అతడు నెలదినములు పనిమానిన ఆ యింట పొయ్యి వెలుగుట కష్టము. తలపై గంపతో గట్లమీద నడచు స్త్రీలకును ఇదే ప్రమాదము. పాదరక్షల విషయమున వారిని అడుగువారే లేరు. కూలి యిచ్చితిమి గదా యని రైతు చేతులు దులుపుకొనుట ధర్మము కాదు. ఎద్దుకు లాడము కొట్టించుట యజమాని వంతు కాగా, మనిషి కాలిని మనిషికే వదలివేయుట యెట్టి న్యాయము?

ఒక్కొక్కరుగా కొనబోయిన వెల యెక్కువ, సరకు తక్కువ. విత్తనములును, ఎరువులును కలిసి కొన్నట్లే పాదరక్షలను కూడ సంఘము మూలమున కలిసి కొనవచ్చును. సభ్యుల పాదముల కొలతలు ముందుగా కాగితములపై గీయించుకొని, పరీక్షించిన రకమునే టోకుగా తెప్పించి, వెలను పంట వచ్చినపుడు జమకట్టుకొనవచ్చును. గిడ్డంగిలో పనిచేయు హమాలీలకు సంవత్సరమునకొక జత సంఘపు ఖర్చుపై నిచ్చుట పెద్ద భారము కాదు. ఒకరి బూటు నొకరు తొడుగుట మాత్రము ఆరోగ్యము కాదు. ఎవరి జత వారిదే.

దీనితోపాటు గిడ్డంగి మెట్లను గరుకు చేయించుట, నేలపై చిందిన ఎరువును ధూళిని వెంటనే ఊడ్పించుట, రెండు చక్రముల తోపుడుబండి యొకటి యుంచుట, లారీకి వేయు పలకపై అడ్డుపట్టెలు కొట్టించుట, ధాన్యమును 50 కిలోలకు మించని సంచులలో నింపుట అవసరములు. జాఱు నేలపై మంచి బూటైనను సగమే పనిచేయును.

రాబోవు మహాజనసభలో లాభనష్టముల పట్టిక చదువుటకు ముందు సభ్యులు తమ తమ చెప్పులను త్రిప్పి అట్టలను చూచుకొనవలెనని మా మనవి. వెలుపలి యంచు అరిగినవెన్ని, ఉంగటమునకు పిన్నీసు గ్రుచ్చినవెన్ని యని లెక్కించినచో ఈ విషయము తీర్మానమున కర్హమో కాదో సభవారే తేల్చగలరు.